దుప్పికి రెండు వేళ్లు, పందికి మూడు

మా చిన్నప్పుడు పాల్వంచ వైపు అడవి ఊళ్లలో నాటు తుపాకి పట్టిన వాళ్లకు ఒక లెక్క నోటికి వచ్చు. గొట్టంలో మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుళ్లు వేసి, మళ్లీ పీలిక కుక్కి, ఇనుప కడ్డీ దింపేవాళ్లు. ఖాళీ గొట్టంలో దింపినప్పటికన్నా కడ్డీ ఎన్ని వేళ్లు పైకి తేలితే అదే కొలత. కుందేలుకు ఒక వేలు, దుప్పికి రెండు, పందికి మూడు. ఎలుగు తిరిగే చోటయితే నాలుగు. తుపాకి ఒకటే, జంతువును బట్టి వేళ్లు మారతాయి.

మా పెదనాన్న ఎడమ చేతికి రెండు వేళ్లే మిగిలాయి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో, మంచె మీద, పందికని మూడు వేళ్లు నింపిన తుపాకి మొదట్లోనే చీలిపోయింది. ఆయన బతికినన్నాళ్లూ తన లెక్క తప్పని ఒప్పుకోలేదు. మందు కల్తీదన్నాడు, గుళ్లు పెద్దవన్నాడు. ఆ లెక్కనే పక్కింటి కుర్రాళ్లకు చెప్పాడు కూడా. ఇలాంటి సలహాలు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా టీకొట్ల దగ్గర, పెళ్లిపందిళ్లలో, పొలం గట్ల మీద ఇప్పటికీ వినపడుతున్నాయి. విన్నవి విన్నట్టు రాసి, ఏది ఎందుకు తప్పో చెబుతాను.

మొదటిది ఆ వేళ్ల కొలతే. పెద్ద జంతువుకు ఎక్కువ మందు పొయ్యాలన్న సలహా.

వేలు కొలిచేది పొడవును. మందు బలం పొడవులో ఉండదు. గొట్టం లోపలి వెడల్పు ఒకటిన్నర రెట్లయితే, అదే వేలి పొడవుకు పట్టే మందు రెండుంబావు రెట్లు. అన్న తుపాకికి సరిపోయిన లెక్క తమ్ముడి తుపాకిని పేల్చేస్తుంది. పైగా ఆ వేళ్లలో మందెంత, పీలిక ఎంత, గుళ్లెంత అన్నది కడ్డీ చెప్పదు. సూరేకారం, గంధకం, బొగ్గు మూడే సరుకులు కదా అనుకుంటారు. ఏ పాళ్లలో కలిపారు, ఎంత మెత్తగా నూరారు, పలుకు సన్నమా లావా, చెమ్మ తగిలిందా లేదా అన్నదాన్ని బట్టి అదే మందు ఒకరోజు బుస్సుమంటుంది, ఇంకోరోజు గొట్టాన్ని చీలుస్తుంది. ఇంట్లో నూరిన మందు ఏ రెండుసార్లూ ఒకేలా రాదు.

మందు రెట్టింపు చేస్తే దెబ్బ రెట్టింపవదు. కొంత మందు కాలకుండానే మూతి నుంచి బయటికి పోతుంది. కాని గొట్టం మొదట్లో ఒత్తిడి మాత్రం పెరిగిపోతుంది. అక్కడే ఎడమ చెయ్యి ఉంటుంది, దానికి జానెడు వెనక కన్ను ఉంటుంది. గుళ్లు మందుకు ఆనుకోకుండా మధ్యలో ఆగిపోతే మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ గుళ్లే గొట్టానికి అడ్డు బిరడా అవుతాయి. ఎక్కువ మందు పోసి, ఎక్కువ పీలిక కుక్కి, చీకట్లో తొందరపడేవాడికి ఇది జరగడం ఎంతసేపు? ఇక ఆ గొట్టం నీళ్ల పైపుతో చేసిందయితే చెప్పేదేముంది. నీళ్ల ఒత్తిడికి చేసిన ఇనుము తుపాకి మందుకు ఆగదు.

రెండో సలహా గొప్పగా వినపడుతుంది. మన తాతలు ఒకే విల్లుతో పిట్టనూ కొట్టారు, కణితినీ కొట్టారు, మనకూ ఒకే తుపాకి చాలు అంటారు.

మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో పాపికొండల కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో ఒక పుస్తకం అచ్చువేశాడు. పుస్తకం పేరులోనే ఆ కొండలను అడవిదున్నల కొండలన్నాడు. ఆ కాలపు విలుకాడు మార్చింది బాణం ములికిని. పిట్టకు మొద్దుమొన, పెద్ద జంతువుకు ఇనుప ములికి. నారి లాగేది మాత్రం అదే చెయ్యి, అదే బలం. ఏ బాణం ఎక్కుపెట్టాడో కంటికి కనపడుతుంది. బాణం తగలాలంటే జంతువు దగ్గరకు చేరాలి, గాలివాటం చూడాలి, అది నిలబడేదాకా ఓపిక పట్టాలి. తుపాకిలో మందు మార్చడం అలాంటిది కాదు. లోపల పుట్టే ఒత్తిడి పేలేదాకా ఎవరికీ కనపడదు. తాతల విల్లును ఈ పనికి సాక్ష్యానికి పిలవడం వాళ్లకు చేసే అన్యాయం.

మూడోది చదువుకున్నవాళ్ల సలహా. లైసెన్సు రైఫిలున్న పెద్దమనుషుల ఇళ్లలో విన్నాను. అమెరికాలో ఎవరి తూటాలు వాళ్లే నింపుకుంటారట, ఒకే రైఫిలుకు తేలిక తూటా ఒకటి, బరువు తూటా ఒకటి చేసుకుంటే కుందేలు నుంచి కణితి దాకా సరిపోతుందట.

అక్కడ నింపుకుంటారన్నది నిజమే. అయితే వాళ్లు మందును వేళ్లతో కొలవరు, త్రాసులో తూస్తారు. కొలిచే గ్రెయిను అన్న కొలత గ్రాములో దాదాపు పదిహేనో వంతు. మందు తయారుచేసిన కంపెనీ అచ్చువేసిన పట్టిక దాటరు. పేలిన ఇత్తడి డొల్లను మళ్లీ నింపేముందు పగుళ్ల కోసం వెతుకుతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, తూటా మార్చిన ప్రతిసారీ షూటింగ్ రేంజికి వెళ్లి కాగితం మీద కాల్చి గురి సరిచూసుకుంటారు. మనవాళ్లు చెప్పుకునే కథలో ఈ ముక్క ఎప్పుడూ జారిపోతుంది.

ఎందుకంత ముఖ్యమో ఒక్క లెక్కతో చూడండి. గాలి నిరోధం పక్కన పెడితే, సెకనుకు 800 మీటర్ల వేగంతో పోయే గుండు 100 మీటర్లు చేరేలోపు దాదాపు 8 సెంటీమీటర్లు దిగుతుంది. 600 మీటర్ల వేగంతో పోయేది దాదాపు 14 దిగుతుంది. ఇది భూమి లాగడం వల్ల వచ్చే తేడా మాత్రమే. నెమ్మది గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, అది బయటపడేలోపు వెనకతన్నుకు మూతి ఇంకాస్త లేస్తుంది. గొట్టం పేలిన ప్రతిసారీ తీగలా కంపిస్తుంది, ఆ కంపనం ఏ దశలో ఉండగా గుండు బయటపడిందన్నదాన్ని బట్టి దెబ్బ పక్కకూ జరుగుతుంది. అంటే పైకా కిందికా ఎడమకా కుడికా అన్నది ఊహించి చెప్పలేం, కాల్చి చూడాల్సిందే. గొట్టంలోని మెలిక గీతలు కూడా కొన్ని బరువుల గుళ్లకే నప్పుతాయి. తూటా మారిస్తే రైఫిలు మారినట్టే. ఐదు రకాల తూటాలు జేబులో వేసుకున్నవాడి చేతిలో గురి చూడని రైఫిళ్లు ఐదున్నాయి.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులు గాని తూటాలు గాని తయారుచేయకూడదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పడవచ్చు. ఇషాపూర్ ఫ్యాక్టరీ పాయింట్ 315 రైఫిలు చేతిలో ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపే హక్కు వచ్చేయదు.

ఆ పెద్దమనుషుల ఇళ్లలోనే ఏనుగుల వేటగాడు కరమోజో బెల్ పేరు కూడా వినపడుతుంది. ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను, చాలావాటిని 7 మిల్లీమీటర్ల సన్న రైఫిలుతో కొట్టాడు కాబట్టి రైఫిలు చిన్నదైనా పరవాలేదంటారు. బెల్ ఏనుగుల పుర్రెలను కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్న మనిషి. లోపలికి నేరుగా దూసుకుపోయే గట్టి గుండునే నమ్ముకున్నాడు. మన జిమ్ కార్బెట్ దగ్గర 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు బహుమతిగా ఇచ్చిన పాయింట్ 275 రిగ్బీ ఉండేది. దానికన్నా పెద్ద దెబ్బ కావాలనుకున్నప్పుడు అందులో మందు పెంచలేదు, జంట గొట్టాల బరువు రైఫిలు వేరేది తీసుకున్నాడు. వాళ్ల పేర్లు చెప్పేవాళ్లు ఆ పద్ధతి చూడరు.

పన్నెండు బోరు తుపాకి సంగతికొస్తే, అందులో రకరకాల కార్ట్రిడ్జులు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. చిన్న గుళ్లవి కుడి జేబులో, పెద్ద గుళ్లవి ఎడమ జేబులో పెట్టుకోమంటారు. చీకట్లో, దోమల్లో, గుండె దడలో జేబులు కలిసిపోతాయి. పిట్టల గుళ్లు పందికి తగిలితే అది వెంటనే చావదు, గాయం కుళ్లి వారం తర్వాత చస్తుంది. అంతకన్నా భయంకరమైనది ఇంకోటుంది. ఇరవై బోరు కార్ట్రిడ్జి పొరపాటున పన్నెండు బోరులో పడితే జారి ముందుకెళ్లి గొట్టంలో ఇరుక్కుంటుంది. పేలలేదేమని వెనక పన్నెండు బోరుది వేసి కాల్చారా, గొట్టం చేతిలోనే పగులుతుంది. రెండు బోర్లున్న ఇంట్లో రెండింటి తూటాలూ ఒకే డబ్బాలో ఎప్పుడూ పెట్టకండి.

ఇన్ని చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఎందుకోసం ఈ రకాలన్నీ? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ అడవిలో కుందేలుకు ఒక వేలు, దుప్పికి రెండు అని లెక్కపెట్టే పనే లేదు. కిన్నెరసాని 1977 నుంచి అభయారణ్యం, 635 చదరపు కిలోమీటర్లు. గోదావరి దిగువన పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. ఆ హద్దులకు బయట కూడా వేట నేరమే. చట్టం దృష్టిలో చంపడమే వేట కాదు. ఉచ్చు వెయ్యడం, తరమడం, గాయపరచడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. 2022 సవరణ ప్రకారం చట్టం మొదటి షెడ్యూలులో పేరున్న జంతువు విషయంలోనూ, అభయారణ్యం లోపలి వేట విషయంలోనూ శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోతుంది, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు.

పందికి మాత్రం అడ్డులేదన్నది ఈ ప్రాంతంలో ఎక్కువమందిని జైలుకు పంపగల సలహా. రైతు బాధ నాకు తెలియనిది కాదు. ఒక్క రాత్రిలో ఎకరం మక్క నేలకరిచిన పొద్దు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అయినా పంది కూడా చట్టం కాపాడే జంతువే. చట్టంలోని 11వ సెక్షన్ పంట నష్టం చేసే జంతువును కొట్టడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం అటవీశాఖ పై అధికారికి ఇచ్చింది. ఆ కాగితం లేకుండా కొట్టినవాడు నేరస్తుడు. ఉన్నా కూడా చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, కూర కాదు.

తుపాకి దొరకనివాడికి చెప్పే సలహా మరీ పాపిష్టిది. కరెంటు తీగ పరవమంటారు, తిండిలో నాటుబాంబు చుట్టిపెట్టమంటారు. పందికని పరిచిన తీగ మీద తెల్లారగట్ల నీళ్లు కట్టడానికొచ్చిన పక్క రైతు కాలు పడుతుంది, తునికాకుకు వెళ్లే ఆడవాళ్ల కాలు పడుతుంది. 2020 మే నెలలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఒక ఏనుగు పేలుడు మందు కొరికి, నోరు చితికి, నదిలో నిలబడి చనిపోయింది. ఆ మందు పెట్టినవాళ్లు ఏ జంతువు కోసం పెట్టినా, కొరికింది ఏనుగు. కంచె, కాపలా, చప్పుడు, నష్టపరిహారం కోసం అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ, ఇవన్నీ నెమ్మది దారులే. అవే దారులు.

చివరగా, తాతల నాటి తుపాకి అటక మీద ఉన్నవాళ్లకు. అది నిండి ఉందనే అనుకోండి. మా ఇళ్లలో తుపాకి నింపి తగిలించడం అలవాటు, కాల్చకుండానే ముసలివాళ్లు పోయారు. పొడిగా ఉన్న మందు ఏళ్లు గడిచినా చావదు. కడ్డీ దూర్చి చూడకండి, పొయ్యి దగ్గర పెట్టకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి, కాల్చి ఖాళీ చేద్దామనుకోకండి. బస్సులో వేసుకుని మీరే తీసుకెళ్లకండి. మీ పోలీస్ స్టేషన్‌కు ముందుగా కబురు పెట్టి, వాళ్లు వచ్చేదాకా ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వకండి.