బొగ్గు పక్కనే ఉంది కదా అని

అగ్గువకు వస్తువు దొరికిందంటే చెయ్యి జేబులోకి పోని మనిషిని నేనింతవరకు చూడలేదు. మీకూ ఆ బలహీనత ఉందన్న ధైర్యంతోనే ఈ సంగతి బయటపెడుతున్నాను. 2021 చివర్లో బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దగ్గర ఊగుతున్న రోజుల్లో, జనగామలో మా మేడ మీది రేకుల గదిలో నేను ఈథర్ అనే ఇంకో క్రిప్టో నాణేన్ని తవ్వడం మొదలుపెట్టాను.

తవ్వకమంటే లెక్కల పోటీ. లావాదేవీల ఖాతాలో తర్వాతి పేజీ రాసే హక్కు కోసం ప్రపంచమంతటా ఉన్న యంత్రాలు పోటీ పడతాయి, గెలిచినవాళ్లకు కొత్త నాణేలు దక్కుతాయి. మనలాంటి చిన్నవాళ్లం పూల్‌లో, అంటే యంత్రాలు కలిపి తవ్వే గుంపులో చేరితే మన యంత్రం పడ్డ పాటుకు తగిన వాటా వస్తుంది. బిట్‌కాయిన్‌కు అదొక్క పనే చేసే యాసిక్ యంత్రాలు కావాలి. ఈథర్‌కు అప్పట్లో గేములాడే గ్రాఫిక్స్ కార్డులు సరిపోయేవి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ప్రతి మెట్టూ ఎక్కి దిగి 6 ఆర్‌ఎక్స్ 580 కార్డులు పట్టుకొచ్చాను. 2017లో 229 డాలర్లకు వచ్చిన కార్డు అది. ఎవరో వాడి వదిలేసిన సరుకుకు కొత్తదాని ధర కంటే ఎక్కువ పోసి, బేరం గెలిచానని సంబరపడ్డాను. 4 జీబీ కార్డులు ఇంకా తక్కువకు ఇస్తామన్నారు, వద్దన్నాను. తవ్వకానికి కార్డు మెమరీలో పట్టాల్సిన డ్యాగ్ ఫైలు 2020 చివరికే ఆ హద్దు దాటిందని నాకు తెలుసు. తెలిసిన ఆ ఒక్క ముక్కతో పెద్ద ఇంజనీరునైపోయాననుకున్నాను. తవ్వే వేగం కార్డుకు 30 మెగాహ్యాష్, ఆరింటికి 180. నా కంటికి ఆ అంకె ఒక్కటే ఆనింది. అసలు చూడాల్సింది గోడ దగ్గర మీటరు: దాదాపు 1 కిలోవాట్. రోజుకు 24 యూనిట్లు, నెలకు 720. ఇంటి వాడకం కలిస్తే 800 దాటుతుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ పైన యూనిట్‌కు 10 రూపాయలు.

మొదటి నెలల్లో కరెంటు పోను డబ్బులు మిగిలాయి. నన్ను ముంచింది ఆ మిగులే. నష్టం వచ్చి ఉంటే అప్పుడే ఆగిపోయేవాణ్ణి. చేతికి నాలుగు రూపాయలు రాగానే చాయ్ హోటల్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పాఠాలు చెప్పాను, అప్పు చేసి అలాంటి ఆరు కార్డుల రిగ్గు ఇంకోటి కట్టాను. మనందరం ఇంతే కదా, మొదటి పంట బాగా పండితే వచ్చే ఏడు రెట్టింపు కౌలుకు దిగుతాం.

ఎండాకాలం వచ్చింది. యంత్రం తాగిన కరెంటంతా వేడిగానే బయటికొస్తుంది. కిలోవాట్ రిగ్గు అంటే రాత్రీ పగలూ వెలిగే కిలోవాట్ హీటరు. పైన రేకులు, లోపల రెండు హీటర్లు, బయట మే నెల జనగామ. గదిలో అప్పడాలు కాల్చుకోవచ్చు. ఏసీ పెడదామంటే దాని కరెంటు మళ్లీ అదే మీటరు మీద పడుతుంది. అప్పుడు మానుకోటలో మిర్చి వ్యాపారం చేసే స్నేహితుడు గుర్తొచ్చాడు. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో దాస్తారు కదా, ఓ మూల నాకియ్యమన్నాను. "గా చల్లదనం కూడ కరెంటు బిల్లే కదనే అన్నా" అన్నాడు. వాళ్ల గోదాములో ఖాళీ మూల ఇచ్చాడు. ఫ్యాన్లు మిర్చి దుమ్మంతా పీల్చి కార్డుల మీదికి ఎక్కించాయి, గది మొత్తానికి చిమ్మాయి. హమాలీల దగ్గు మానుకోట స్టేషన్ దాకా వినబడింది. మర్నాడే తెచ్చేసుకున్నాను.

ఇక భూపాలపల్లి. నా మొత్తం తెలివితేటలు ఇక్కడ బోర్లాపడ్డాయి. సిచువాన్‌లో వానాకాలం జలవిద్యుత్తు చుట్టూ, 2021లో చైనా నిషేధించేదాకా, పెద్ద పెద్ద తవ్వకం షెడ్లు నడిచాయని చదివాను. కరెంటు పుట్టే చోటికి యంత్రం పోవాలన్న సూత్రం పట్టుకున్నాను. మనకూ ఉంది కదా! చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, 500, 600 రెండు యూనిట్లు కలిపి 1,100 మెగావాట్లు. పక్కనే సింగరేణి గనులు. భూపాలపల్లిలో షెడ్డు వెతకమని బామ్మర్దికి ఫోన్ చేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "బావా, బొగ్గు మా ఊళ్ల తవ్వుతరు, కరెంటు చెల్పూర్ల పుట్టిస్తరు, బిల్లు మాత్రం హైదరాబాద్ రేటే వస్తది."

సిచువాన్‌లో కరెంటు చౌకైంది ఆనకట్ట దగ్గరున్నందుకు కాదు, వానాకాలంలో ఆ కరెంటును వాడుకునేవాళ్ల దాకా మోసే లైన్లు చాలక మిగిలిపోయినందుకు. చెల్పూరు కరెంటు మిగలదు, నేరుగా గ్రిడ్‌లోకి పోతుంది. పొగ గొట్టం నీడలో ఉన్న ఇంటికీ వంద మైళ్ల అవతల ఇంటికీ రాష్ట్రమంతా ఒకటే టారిఫ్. వసతి అంటే గది అద్దె, చల్లగాలి అని లెక్కలు వేసుకున్నాను గానీ, వసతి అంటే అసలు మీటరు మీద రాసి ఉన్న కేటగిరీ: ఇల్లా, వ్యాపారమా, వ్యవసాయమా.

ఇక్కడి నుంచి త్వరగా చెప్పేస్తాను. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మా బాయి కాడ స్టార్టర్ డబ్బా ఉంది. పక్కనే రేకుల కొట్టం ఉంది. మూడు ఫేజులు, ఊళ్లో చూసేవాళ్లు లేరు, నెల గడిస్తే బిల్లు లేదు. వైరు కొన్నాను, రిగ్గులు ఆటోలో ఎక్కించాను, కొట్టం ముందు దించాను, స్టార్టర్ మూత తీశాను. మా నాయన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "అది పంటకిచ్చిన కరెంటు బిడ్డా, నీ డబ్బాలకు కాదు" అన్నాడు. ఇంకేం అనలేదు. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ రెండింతల రేటు కట్టిస్తుందని తర్వాత తెలిసింది. ఆ రోజు నన్ను ఆపింది మాత్రం సెక్షన్ కాదు. డబ్బు పోయిన బాధ ఇప్పుడు లేదు, ఆయన ముందు ఆ మూత తీసిన చెయ్యిని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మిగిలింది లెక్కలే. 2022 ఏప్రిల్ 1 నుంచే క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి 1 శాతం టీడీఎస్. తవ్వకానికి పెట్టిన మౌలిక వసతుల ఖర్చును కొనుగోలు ఖర్చుగా లెక్కించరని మార్చిలోనే కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో చెప్పింది. జూన్‌లో ఈథర్ 1,000 డాలర్ల దగ్గరికి పడింది. ఈథర్‌ను నడిపే ఈథరియం నెట్‌వర్క్ తవ్వకాన్నే మానేసి వేరే పద్ధతికి మారుతుందని ఏళ్లుగా చెబుతున్నారు, ఏళ్లుగా వాయిదా వేస్తున్నారు. ఈసారీ వాయిదానే అనుకుని కార్డులు పట్టుకు కూర్చున్నాను. 2022 సెప్టెంబర్ 15న మారిపోయింది. ప్రపంచమంతా ఒకేసారి కార్డులు అమ్మకానికి పెట్టింది, నేనూ పెట్టాను.

2024 ఏప్రిల్‌లో బిట్‌కాయిన్ బహుమతి 3.125కు సగమైన కొన్నాళ్లకు లింగాల ఘనపురం వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, సెకండ్ హ్యాండ్ ఎస్19 అగ్గువకు వస్తంది, తీస్కోవాల్నా?" ముందు మీ కరెంటు బిల్లు ఫొటో పంపమన్నాను. శాంక్షన్ లోడ్ 1 కిలోవాట్ అని ఉంది. ఎస్19 అనే బిట్‌కాయిన్ యాసిక్ యంత్రానికి మూడుంపావు కిలోవాట్లు కావాలి. రోజుకు 78 యూనిట్లు, పై స్లాబులో 780 రూపాయలు. దాని 95 టెరాహ్యాష్ వేగానికి ఆ రోజుల్లో వచ్చేది అందులో సగం దగ్గర. అంతా రాసి పంపాను. సోలార్ పెడితే ఎట్లుంటదన్నాడు. కిలోవాట్ పలకలకు రోజుకు 4 యూనిట్లు వస్తాయి, 78 కావాలంటే 20 కిలోవాట్లు పరవాలి. అన్ని పలకలు పరిచే స్తోమత ఉంటే ఆ కరెంటేదో డిస్కంకే అమ్ముకో తమ్మీ అన్నాను.