మా టీమూ వలస పోయింది

మా బావకు ఏడాదికి మూడు సీజన్లు: వానాకాలం, యాసంగి, ఐఎస్ఎల్. మొదటి రెండూ కృష్ణా, తుంగభద్రల నడుమ మా నడిగడ్డలో భూమి ఉన్న ప్రతివాడికీ ఉన్నవే. మూడోది మాత్రం ఆయన ఒక్కడిదే. గద్వాల దగ్గర ఆయన ఊళ్లో ఆట అంటే జాతరలో బండలాగుడు, లేకుంటే కబడ్డీ. ఫుట్‌బాల్ అనేది హైస్కూల్ పీఈటీ సార్ బీరువాలో గాలి పోయి పడుకున్న వస్తువు. అట్లాంటి చోట మా బావ పసుపు జెర్సీ వేసుకుని సీడు పత్తి చేలో నిలబడితే, విత్తన కంపెనీవాళ్లు రైతులకు కొత్తగా యూనిఫారం పెట్టారేమో అనుకున్నారు కూలోళ్లు.

ఈ జబ్బు ఆయనకు 2022 మార్చి 20, ఆదివారం రాత్రి పట్టుకుంది. అప్పటికి పత్తి విత్తనం కంపెనీకి పోయింది. ల్యాబు రిపోర్టు రాక పైసలు రాలేదు, పైసలు రాక నిద్ర రాలేదు, నిద్ర రాక ఫోను తిప్పుతున్నాడు. గోవాలో ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్, ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. పేరులో హైదరాబాద్ ఉంది కదా అని వేలు ఆగింది. కేరళవాళ్లు 68వ నిమిషంలో గోల్ కొట్టారు. ఇక అయిపోయిందనుకుంటే 88లో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపాడు. 3–1తో కప్పు మనదైంది.

రాత్రి పదకొండు దాటాక వనపర్తిలో నా ఫోను మోగింది. "కట్టిమని అంటే రాయచూరు దిక్కు ఇంటిపేరు బామ్మర్దీ. రైలెక్కితే మనకు పక్కనే. మనోడే!" ఆయన గోవావాడు బావా అని చెప్పి చూశాను. "గోవాకు వలస పోయినోళ్లు మస్తుమంది ఉంటరు తియ్" అన్నాడు. అభిమానికి ఆధారాలు చూపించడం, ఎండిన బావికి మోటరు బిగించడం ఒకటే.

ఆ తర్వాత ఆ టీం జాతకం తిరగేసి చూస్తే, మా బావ దానికి మనసిచ్చింది ఊరికే కాదనిపించింది. అది అచ్చం పాలమూరు టీం. పుట్టుకే వలస. 2019 ఆగస్టులో పుణె క్లబ్బు మూతపడితే దాని చోటు మన హైదరాబాద్‌కు వచ్చింది. మా జిల్లాల నుంచి పుణె పోయినవాళ్లు వేలకు వేలు. పుణె నుంచి మా దిక్కు వచ్చింది మాత్రం ఇదొక్కటే. మొదటి ఏడు 18 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. తర్వాత కరోనా పుణ్యమా అని రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడించారు. అంటే కప్పు కూడా సొంత ఊళ్లో గెలిచింది కాదు, పనికి పోయిన చోట సంపాదించుకొచ్చింది. గచ్చిబౌలి మైదానంలో గడ్డి మొలుస్తుంటే, పిల్లలు గోవాలో చెమటోడ్చి ఇంటికి కప్పు పంపారు. ఇంతకంటే పాలమూరు పద్ధతి ఏముంటుంది?

2023–24 వచ్చేసరికి గుంపు చెదిరింది. బకాయిలు తీర్చలేదని కొత్త ఆటగాళ్లను రాయించుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకున్నారు. చివరికి మిగిలింది కుర్ర పిల్లలు. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. అక్షరాలా అట్టడుగు. దీనిమీద పత్రికల్లో పెద్ద పెద్ద విశ్లేషణలు వచ్చాయి. మా బావ విశ్లేషణ ఒకటే ముక్క: "గుంపు మేస్త్రీ కూలీ ఇయ్యకుంటే గుంపు ఎందుకుంటదప్పా? మా తాత కాలంల గూడ గింతే. అడ్వాన్సు ఇచ్చి తోలుకపోతరు, పని అయినంక మేస్త్రీ కనవడడు."

అట్లని ఆయన చూడడం మానలేదు. ఆ 22 మ్యాచులూ చూశాడు. చెన్నై మీద గెలిచిన ఆ ఒక్క రోజు ఇంటిల్లిపాదికీ మిర్చి బజ్జీలు తెచ్చాడు. మిగతా 21 రోజులూ మా అక్క చేతి జొన్నరొట్టె మౌనంగా తిని పడుకున్నాడు. ఆ ఏడు ఐఎస్ఎల్‌లో అట్టడుగున నిలిచినా కింది లీగుకు తోసేయరని ఎవరో చెబితే మాత్రం లేచి కూర్చున్నాడు. "నా సీడు ల్యాబుల ఫెయిలైతే కంపెనీ ఒక్క పైస ఇయ్యదు. వీళ్లు ఒక్క మ్యాచు గెలిచి మళ్లొచ్చే ఏడు గదే లీగుల ఆడొచ్చా? సీడు రైతులకు గూడ గీ రూలు పెట్టుమనరాదూ!" నేను పంపిస్తే వ్యవసాయ శాఖ తీసుకుంటుందన్నట్టు నా ముఖం చూశాడు.

2025 అక్టోబర్‌లో మళ్లీ ఫోను. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "బామ్మర్దీ, మనోళ్లు ఢిల్లీ రైలెక్కిండ్రు."

అదీ కథ. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఊరు మారింది, పేరు మారింది. మా దిక్కు వలస పోయిన మనిషి కనీసం పేరు మార్చుకోడు. దసరాకు రాకపోయినా సంక్రాంతికి వస్తాడు. ఈ టీం పండక్కి కూడా రాదు. వలస ఊళ్లలో చివరికి ఎవరు మిగులుతారో తెలుసు కదా, అరుగు మీద ముసలోళ్లు. టీం పోయిన ఊళ్లో అభిమానులు మిగులుతారు. మా బావకు యాభై రెండు. రెండు లెక్కల్లోనూ సరిపోయాడు.

ఓదార్పు కోసం మా పెద్దమ్మ కొడుకు ఫ్రిస్కో నుంచి వీడియోలో వచ్చాడు. ఊరు నాగర్‌కర్నూల్. డాలస్ పక్కన స్థిరపడి, అక్కడి ఫుట్‌బాల్ టీం కౌబాయ్స్‌ని, బాస్కెట్‌బాల్ టీం మావరిక్స్‌ని నెత్తిన పెట్టుకున్నాడు. అమెరికాలో చేత్తో పట్టుకుని ఉరికే ఆటను ఫుట్‌బాల్ అంటారని చెబితే మా బావ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. వనపర్తి రోడ్ అనే స్టేషన్ వనపర్తిలో ఉందా ఏమన్నా? అక్కడ దిగితే మదనాపురం వస్తుంది. పేర్లతో పేచీ పెట్టుకుంటే మా దిక్కు బతకలేం.

"అన్నా, అమెరికాలో ఇది మామూలే" అన్నాడు తమ్ముడు. 1984 మార్చి 28 రాత్రి బాల్టిమోర్ కోల్ట్స్ అనే టీం సామాన్లన్నీ లారీలకెత్తి, తెల్లారేసరికి ఇండియానాపొలిస్ దారి పట్టించారట. ఊరు లేచి చూస్తే టీం లేదు. మిగిలింది టీం వెంట వాయించే బ్యాండు మేళం ఒక్కటే. టీం లేకపోయినా ఆ మేళం వాయిస్తూనే ఉంది, 1996లో ఇంకో టీం వచ్చేదాకా. పెళ్లికొడుకు పారిపోయాక పన్నెండేళ్లు భజంత్రీలు ఆపని పెళ్లి! మా బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మేళంవాళ్లకు ఎవరిచ్చారు పైసలు అని అడిగాడు. మేస్త్రీ లేని పని ఆయన ఊహకు అందదు.

తమ్ముడి సొంత దుఃఖం ఇంకా పెద్దది. కౌబాయ్స్ చివరిసారి ఫైనల్, అంటే సూపర్ బౌల్, గెలిచింది 1996 జనవరిలో. అప్పటికి వాడింకా నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం చెరువు గట్టు మీద గోలీలాడుతున్నాడు. 1989లో టీంను కొన్న జెర్రీ జోన్స్ ఓనరూ తానే, జనరల్ మేనేజరూ తానే. తప్పు జరిగితే మేనేజర్‌ను తీసేయాల్సింది ఓనర్, ఓనర్ అద్దంలో చూసుకుంటే మేనేజర్ కనిపిస్తాడు. సర్పంచి సంతకం భార్యది, పెత్తనం భర్తది అయిన ఊళ్లు మేం చూశాం. ఇక్కడ ఆ ఇద్దరూ ఒక్కరే. ఖర్చు తక్కువ. ప్రతి సెప్టెంబర్‌కూ ఈ ఏడు మనదే అంటాడట తమ్ముడు. నాకు గద్వాల–మాచర్ల రైల్వే లైను గుర్తొచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, దేవరకొండ మీదుగా మాచర్లకు పోవాలి. పోతుంది కూడా, ప్రతి ఎన్నికలప్పుడూ. గద్వాల నుంచి ఆ కొసకు రాయచూరు ముక్క 2013లో వచ్చింది. మాచర్ల కొసకు ఇప్పటికీ సర్వేలే. నాగర్‌కర్నూల్‌లో పుట్టి రైలు పట్టా చూడనివాడికి కౌబాయ్స్ అభిమానిగా ఉండడం ఏమంత కష్టం?

బాస్కెట్‌బాల్ సంగతి వింటే మాత్రం ఆ వలసలకు మేమే చేతులెత్తి మొక్కాలి. 2024లో మావరిక్స్‌ను ఫైనల్ దాకా మోసుకొచ్చిన కుర్రాడు లూకా డాంచిచ్. 2025 ఫిబ్రవరి మొదట్లో ఒక అర్ధరాత్రి, ఎవరికీ చెప్పకుండా, ఆ పిల్లగాణ్ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ను తెచ్చుకున్నారు. తెల్లారి అభిమానులు స్టేడియం ముందుకు శవపేటిక మోసుకొచ్చారు. "దిష్టిబొమ్మ కాలవెట్టలేదా?" అన్నాడు బావ, మర్యాద తెలియని జనం అన్నట్టు. నెలల తరబడి మేనేజర్‌ను పీకేయమని అరిచారు, నవంబర్‌లో పీకేశారు. ఆ లేకర్స్ కూడా వలసదారే. పుట్టింది చెరువుల సీమ మినసోటాలో, అందుకే ఆ పేరు. 1960లో లాస్ ఏంజెలెస్‌కు లేచిపోతూ చెరువుల పేరు కూడా వెంట తీసుకుపోయింది. చెరువును సముద్రం అని పిలుచుకునే నాగర్‌కర్నూల్‌వాణ్ని ఇది ఆశ్చర్యపరచదు.

ఇక్కడే మా బావకు అమెరికా మీద గౌరవం పుట్టించిన ముక్క వచ్చింది. అక్కడ కొత్త ఆటగాళ్లను పంచేటప్పుడు బాగా ఓడినవాళ్లకు ముందు వరస దొరికే అవకాశం ఎక్కువట. లాటరీ తీస్తారు. నూటికి రెండు పాళ్లు కూడా ఆశ లేని మావరిక్స్‌కు 2025లో మొదటి పేరు వచ్చింది, కూపర్ ఫ్లాగ్ అనే పిల్లగాడు దొరికాడు. "గిది రుణమాఫీ లెక్కుంది" అన్నాడు బావ. "టయానికి కట్టినోడు ఎర్రోడు, ఎగ్గొట్టినోనికి మాఫీ. గానీ లాటరీ తీసుడు మంచిగుంది. మనకాడ లిస్టుల పేరు ఎట్ల వస్తదో దేవునికి గూడ తెల్వదు."

మనకూ ఒక బాస్కెట్‌బాల్ టీం ఉండేదని ఆయనకు తెలియదు. 2015లో పుట్టిన యూబీఏ లీగులో హైదరాబాద్ స్కై. మనం తల పైకెత్తేలోపు, 2017 తర్వాత, ఆకాశమూ లేదు లీగూ లేదు. అదే 2015లో అమెరికా లీగుకు ఎంపికైన మొదటి భారతీయుడు పంజాబ్ పల్లె పిల్లగాడు సత్నాం సింగ్. తీసుకున్నది మావరిక్సే. ఏడడుగులు దాటిన ఆ మనిషికి అసలు సీజన్‌లో ఒక్క మ్యాచూ దక్కలేదు. తర్వాత రెజ్లింగ్‌లో చేరాడు.

ఫుట్‌బాల్ అట్లా కాదు. హైదరాబాద్‌కు ఒక కాలంలో వేలంపాటలు, ఓనర్లు, పసుపు జెర్సీలు లేకుండానే టీం ఉండేది. సిటీ పోలీసు టీం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు బొంబాయి నుంచి ఎత్తుకొచ్చారు. తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. ఆయన చేతి కింద భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం. మరుసటి ఏడే ఆయన పోయారు. అప్పటి ఆటగాళ్లూ వలస పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయి, అక్కడివాడే అయి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. ఆయన పోయినందుకు ఎవరూ నొచ్చుకోలేదు. ఆడేవాడు పోయాడు, ఆట ఇక్కడే ఉంది అనుకున్నారు. ఇప్పుడు ఆటనే తోలుకుపోయే పద్ధతి వచ్చింది. మా బావకు ఇదంతా చెబితే ఒక్కటే అడిగాడు: "పోలీసోళ్లకు నెల నెలా జీతం వస్తుండెనా?" వచ్చేది బావా. "మరి గదే!"

మా బావ ఊరుకునే మనిషి కాదు. కౌబాయ్స్‌వాళ్లు 2025 ఆగస్టులో తమ మొనగాడు మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చేశారని తమ్ముడు ఏడుస్తుంటే, ఆ గ్రీన్ బే ఏ ఊరు అని ఆరా తీశాడు. లక్ష జనాభా ఊరు. టీంకు ఓనర్ లేడు, 5 లక్షలకు పైగా జనం వాటాదారులు. వాటాకు లాభం రాదు, అమ్ముకోవడానికి లేదు. "గిది మన సొసైటీ షేరే కదప్పా! లోను ఇచ్చేటప్పుడు కోసుకుంటరు, మళ్ల కనవడదు." అంతే, పాలమూరు టీం పెడదామన్నాడు. 2016 అక్టోబర్ 11న ఒకే రోజు పుట్టిన మా మూడు జిల్లాలకు కలిపి ఒకటి. జెర్సీ నూలుది, అంచు గద్వాల పట్టుది, మడిస్తే అగ్గిపెట్టెలో పట్టాలి. ఎండకు చెమట పీలుస్తుంది, గెలిస్తే పెళ్లికీ పనికొస్తుంది.

మైదానం దగ్గర పేచీ వచ్చింది. జోగులాంబ పేరున్న జిల్లా మాది, జూరాల నీళ్లు మావి, గడ్డి మాకే పెరుగుతుంది అన్నాడు బావ. రాజుగారి బంగళానే పాలిటెక్నిక్‌కు ఇచ్చిన ఊరు మాది, సంస్థానం మర్యాద ఉంటుంది అన్నాను నేను. మీ ఇద్దరికీ రైలుంది, మాకు కనీసం మైదానమైనా ఇవ్వండి అన్నాడు ఫ్రిస్కో నుంచి తమ్ముడు. గంటన్నర కొట్లాడి, మ్యాచులన్నీ హైదరాబాద్‌లో పెట్టాలని ఒప్పందానికొచ్చాం. మూడు జిల్లాల నాయకులూ ఉండేది అక్కడే కాబట్టి ముఖ్య అతిథులకు దారి ఖర్చులు ఉండవు.

2025 నవంబర్ చివరి వారానికి కూడా అసలు ఐఎస్ఎల్లే మొదలుకాలేదు. జులైలో నిర్వాహకులు సీజన్‌ను ఆపేశారు, వాళ్ల ఒప్పందం డిసెంబర్ 8తో తీరిపోవాల్సి ఉండింది. ఫెడరేషన్ కొత్త టెండరు పిలిస్తే ఒక్కడూ రాలేదు. గద్వాల యార్డులో బూజు పట్టిన వేరుశనగకు కూడా ఎవడో ఒకడు వచ్చి ధర కడతాడు. మా బావ మూడో సీజన్‌కు అప్పటికి చినుకే పడలేదు.

మొన్న చేలోకి పోతే పసుపు జెర్సీ కట్టెకు తగిలించి ఉంది. దిష్టికా బావా అంటే కాదన్నాడు. పసుపు రంగుకు తెల్లదోమ వచ్చి వాలుతుందని వ్యవసాయాధికారులు చెబుతారు, జిగురు అట్టలు కొనమంటారు. బావ అట్టలు కొనలేదు, జెర్సీకి గ్రీజు పూశాడు. వెనకాల నంబరు మీద, హైదరాబాద్ అనే అక్షరాల మీద దోమలు వరసగా అతుక్కుని ఉన్నాయి. ఒక్క రోజులో 47 అట, ఆయనే లెక్కపెట్టాడు.