శల్య సారథ్యం, జీఎస్టీ అదనం

జూన్‌లో మా తోడల్లుడికి రెండు జరిగాయి. ఇడ్లీ పిండి పొంగడం మానేసింది. బిజినెస్ కోచ్ దొరికాడు. ఈ రెండింట్లో మొదటిదానికి మందుంది.

జూన్ అంటే మీకు తొలకరి. మాకు ఆక్లండ్‌లో చలికాలం మొదలు. అద్దెకిచ్చే ఇంట్లో హాలును 18 డిగ్రీల దాకా వేడి చేయగల హీటర్ ఉండి తీరాలని 2019లో న్యూజిలాండ్ ప్రభుత్వం నియమాలు పెట్టింది. మనిషి బతకడానికి 18 చాలునేమో గానీ మినప్పిండికి చాలదు. మౌంట్ రాస్కిల్‌లోని వాళ్ళింట్లో రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లారేసరికి పెట్టింది పెట్టినట్టే, సర్కారీ ఆఫీసులో దరఖాస్తులా, కదలకుండా ఉండేది.

మావాడు సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఉద్యోగం పోయింది. పోయిన వారానికే ఇడ్లీ దోసె పిండి కంపెనీకి డైరెక్టరయ్యాడు. ఈ దేశంలో కంపెనీ పెట్టడం పెళ్ళి శుభలేఖ అచ్చు వేయించడం కంటే తేలిక. ఆన్‌లైన్‌లో పేరు రిజర్వు చేసుకోవడం, రుసుము కట్టడం, టీ తాగడం. అంతే. వ్యాపారం చేసుకోవడానికి అనువైన దేశాల్లో న్యూజిలాండ్‌దే మొదటి స్థానమని 2020 నివేదికలో ప్రపంచ బ్యాంకే చెప్పింది. ఆ మరుసటేడు లెక్కల్లో తేడాలొచ్చాయని బ్యాంకు ఆ నివేదికనే ఎత్తేసింది, అది వేరే కథ. తేడాలు న్యూజిలాండ్‌వి కాదు లెండి.

కంపెనీ వచ్చింది, లోగో వచ్చింది, పిండి మాత్రం రాలేదు. అప్పుడు కోచ్ వచ్చాడు.

"పిండి పొంగడం లేదండీ" అన్నాడు మావాడు జూమ్‌లో.

"పొంగనిది పిండి కాదు, మీ మైండ్‌సెట్" అన్నాడు కోచ్.

పక్కనే కూర్చుని జంతికలు నములుతున్న నాకు ఆ మాటతో పొలమారింది. మావాడు మాత్రం నోట్సు రాసుకున్నాడు. ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని కోచ్ అడిగాడు. రేపు పొద్దున పిండి ఎక్కడుంటుందో తెలియనివాడు ఐదేళ్ళ తర్వాత సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో గోదాములున్నాయన్నాడు. వారం తిరక్కుండా వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద విజన్ బోర్డు వెలిసింది. రంగిటోటో దీవి కనిపించే సముద్రపు ఒడ్డు ఇల్లు, దాని ముందు ఎర్ర కారు, కారు పక్కన నవ్వుతున్న ఎవరో తెల్లవాళ్ళ కుటుంబం. ఫ్రిజ్ లోపల గట్టిపడిన పిండి.

నెలకు తొమ్మిది వందల డాలర్లు. జీఎస్టీ అదనం.

ఈ కోచ్‌గారికీ ఒక కోచ్ ఉన్నాడని మూడో సెషన్‌లో తెలిసింది. ఆ పై కోచ్‌గారు కోచ్‌లకే కోచింగ్ ఇస్తారట. వాళ్ళలో చివరివాడెవడో నిజంగా ఏదైనా అమ్మి బతుకుతున్నాడా అని ఆరా తీశాను. తేలిందేమిటంటే, ఆ తీగ మొత్తానికి అమ్ముడయ్యే సరుకు చేసేవాడు మా తోడల్లుడొక్కడే. అదీ పొంగని సరుకు.

ఇక్కడ కరెంటు పని చేసేవాడికి లైసెన్సు కావాలి. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటుకు కావాలి. డబ్బు తీసుకుని వీసా సలహా చెప్పాలంటే, 2007 చట్టం ప్రకారం, లాయర్‌లాంటి కొద్దిమందికి తప్ప లైసెన్సు తప్పనిసరి. మనవాళ్ళు ఎంతమంది మోసపోయాక వచ్చిందో ఆ చట్టం! 2014 ఆహార చట్టం పుణ్యమా అని ఇంట్లో పిండి రుబ్బి అమ్మాలన్నా రిజిస్టర్ చేసుకోవాలి, తనిఖీకి వచ్చిన మనిషికి ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి చూపించాలి. మనిషి జీవితాన్ని సమూలంగా మార్చేస్తానని బోర్డు పెట్టడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. ఇడ్లీ పాడైతే అడిగే నాథుడున్నాడు.

ఈలోగా మా అత్తయ్యగారు తెనాలి నుంచి ఆరు నెలలుండి పోదామని వచ్చారు. దిగిన రోజు సాయంత్రమే పిండి గిన్నె మూత తీసి, వేలు ముంచి చూసి, ఇల్లంతా ఒకసారి తిరిగారు. హాల్లో, వంటింట్లో, గరాజులో గోడల మీద చెయ్యి పెట్టి చూశారు. నడవా చివర సన్నటి అలమర ఉంటుంది ఇక్కడి పాత ఇళ్ళలో. వేణ్ణీళ్ళ సిలిండర్ అందులో ఉంటుంది, పైన అరల్లో తువ్వాళ్ళు మడతపెట్టుకుంటారు. హాట్ వాటర్ కబోర్డ్ అంటారు. ఆవిడ దాని తలుపు తీసి, లోపల మొహం పెట్టి, "ఇదేంటయ్యా, ఇక్కడ వేసంకాలం దాచుకుని అక్కడ చలికి చస్తున్నారు?" అన్నారు. తువ్వాళ్ళు బయటికొచ్చాయి. గిన్నెలు లోపలికెళ్ళాయి. తెల్లారి తలుపు తీస్తే పిండి మూతలు తోసుకుని, అర మీద నుంచి కారి, సిలిండర్ మీద చారలు కట్టింది. ఇల్లంతా పుల్లటి వాసన.

అల్లుడుగారు ఆ రోజు సెషన్‌లో చెప్పారు, బ్రేక్‌త్రూ వచ్చిందని. మనం మైండ్‌సెట్ మీద చేసిన పని ఫలించిందన్నాడు కోచ్. అత్తయ్యగారు సిలిండర్ తుడుస్తున్నారు.

వ్యాపారికి గురువు అవసరమా అంటే, ఇక్కడి గుజరాతీలను అడగండి. న్యూజిలాండ్‌లో వీధి మూల కిరాణా కొట్టును డెయిరీ అంటారు. మనవాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు గేదెలెక్కడని వెతుక్కుంటారు. ఆ కొట్లలో చాలా వాటి గల్లాపెట్టె వెనక గుజరాతీ మూలాల కుటుంబాలే. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలోనే నవసారి వైపు ఊళ్ళనుంచి ఓడల్లో వచ్చి, పళ్ళు అమ్మి, పుకెకోహేలో కూరగాయలు పండించి, 1926లో అఖిల న్యూజిలాండ్ స్థాయిలో భారతీయ సంఘం కూడా పెట్టుకున్నవాళ్ళ వారసులు. వాళ్ళ కోచింగ్ పద్ధతి నేను చూశాను. మేనమామ కొట్లో రెండేళ్ళు పొద్దున్నే షట్టర్ ఎత్తాలి. పాలసీసాలు పాతవి ముందుకి, కొత్తవి వెనక్కి సర్దాలి. మామ ఒక్కసారి కూడా శభాష్ అనడు. మూడో ఏట "ఫలానా చోట కొట్టు ఖాళీ అవుతోంది" అంటాడు. అది పట్టా. మన తెలుగువాళ్ళం వచ్చింది తర్వాత, అదీ ఎక్కువగా కంప్యూటర్ల మీద. మన మేనమామలు ఇక్కడ లేరు. ఉన్నా వాళ్ళకి తెలిసింది ఒక్కటే సలహా: "ఉద్యోగం చేసుకోరా."

మేనమామ లేనివాళ్ళ కోసం ఈ దేశంలో ఒక ఏర్పాటుంది. బిజినెస్ మెంటార్స్ న్యూజిలాండ్ అని 1991లో పుట్టిన సంస్థ. వ్యాపారాలు నడిపి నలిగినవాళ్ళు జీతం తీసుకోకుండా వచ్చి కూర్చుని మాట్లాడతారు. వందకు తొంభై ఏడు సంస్థల్లో ఇరవై మంది లోపే పనిచేసే దేశం కదా, యజమానికి గోడు చెప్పుకోవడానికి మేనేజర్ కూడా ఉండడు. వీళ్ళకు తోడు ఆక్లండ్ విశ్వవిద్యాలయం చేయి కలిపి 2001లో పెట్టిన ఐస్‌హౌస్ అనే వ్యాపార శిక్షణ సంస్థ ఉంది. ఇన్ని ఉన్నా కివీ మనిషికి అడగడం నామోషీ. కంచె వేసే ఎనిమిదో నంబరు తీగ ముక్క ఉంటే ప్రపంచంలో దేన్నయినా తానే బాగుచేసుకోగలనని వీళ్ళ జాతీయ నమ్మకం. మనకు అడగడం నామోషీ కాదు. ఊరికే వచ్చేదాన్ని తీసుకోవడం నామోషీ.

మా ఆవిడ పోరు పడలేక మావాడు అలాంటి స్వచ్ఛంద మెంటార్ ఒకాయన్ని పిలిచాడు. బ్రెడ్డు బేకరీలో జుట్టు నెరిసిన తెల్లాయన. ఇడ్లీ పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి మానుకున్నాడు. కబోర్డులో పిండి వాసన చూసి మాత్రం చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు. తర్వాత కుర్చీ లాక్కుని అడిగాడు, "పోయిన మంగళవారం ఎన్ని డబ్బాలు అమ్మావు?"

మావాడు ఫోన్ తీసి ఫాలోవర్లు పెరిగిన గ్రాఫ్ చూపించాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మర్యాదగా చూశాడు. "బాగుంది. ఎన్ని డబ్బాలు?"

"పన్నెండు."

"చేసినవి?"

"ముప్పై."

"మిగతా పద్దెనిమిది?"

మావాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ పద్దెనిమిదీ ఏమయ్యాయో చెప్పాలంటే మా ఇంట్లో, వాళ్ళింట్లో, ఇంకో రెండు తెలుగు ఇళ్ళల్లో బుధ, గురువారాలు మూడు పూటలా దోసెలని ఒప్పుకోవాలి. మా అబ్బాయి ఉల్లిపాయ దోసెను చూసి ఏడ్చాడని కూడా చెప్పాలి.

పిండి కొనేది శనాదివారాల టిఫిన్ల కోసం, కాబట్టి గురువారం, శుక్రవారమే గిరాకీ. మంగళవారం ఎందుకు చేస్తున్నావని ఆయన అడిగాడు. "ప్రతిరోజూ మార్కెట్‌లో కనిపించాలని మా కోచ్..." అని మావాడు నీళ్ళు నమిలాడు. ఆయన కవరు వెనక లెక్క వేశాడు. డబ్బా ఎనిమిది డాలర్లు. మావాడి లెక్కలో మిగులు రెండున్నర. "ఈ ఎనిమిదిలో జీఎస్టీ ఉందా?" ఏడాదికి 60 వేల డాలర్ల అమ్మకాలు దాటేదాకా ఇక్కడ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మావాడు కోచ్ దొరికిన మొదటి రోజే చేయించాడు, ఆయన పెద్దగా ఆలోచించమన్నాడని. 15 శాతం తీసేసి, వెనక్కి వచ్చేది కలిపితే మిగులు డాలరు ఎనభై సెంట్లయింది. కోచ్‌గారి తొమ్మిది వందలు పుట్టాలంటే ఐదు వందల డబ్బాలు అమ్మాలి. మావాడు నెలకు అమ్మేవి రెండు వందల నలభై.

"అయితే ఈ వ్యాపారం నీది కాదు, ఆయనది" అన్నాడు తెల్లాయన. టీ తాగాడు. వెళ్ళిపోయాడు. కోపం కూడా లేదు ఆ మాటలో.

మావాడికి మాత్రం వచ్చింది. "నీరుగార్చే మాటలన్నయ్యగారూ, శల్య సారథ్యం!" అన్నాడు.

అసలు కోచ్ అనే మాటే బండి. హంగరీలో కోచ్ అనే ఊళ్ళో మంచి గుర్రబ్బళ్ళు చేసేవారట, ఆ ఊరి పేరే బండికొచ్చింది. పరీక్ష గట్టెక్కించే ట్యూషన్ మాస్టారును ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు వెటకారంగా బండి అన్నారు, అలా స్థిరపడింది. అంటే మన భాషలో సారథే. ఇక మెంటార్ అన్నది గ్రీకు కథలో ఒక ముసలాయన పేరు. యుద్ధానికి పోతూ రాజు ఇంటిని ఆయనకు అప్పగిస్తే, రాజు వచ్చేసరికి ఇంటినిండా తేరతిండి పెళ్ళికొడుకులు. రాజుగారి కుర్రాడికి పనికొచ్చిన సలహాలు చాలావరకు ముసలాయన వేషంలో దేవత వచ్చి చెప్పినవి. పేరు మాత్రం ఆయనకే మిగిలింది. మా ఇంట్లోనూ అంతే, కబోర్డు అత్తయ్యగారిది, బ్రేక్‌త్రూ కోచ్‌గారిది.

శల్యుడి సంగతికొస్తే, మనం ఆయన్ని తిట్టుగా వాడుకుంటాం గానీ కర్ణపర్వం ఒకసారి నెమ్మదిగా చూడండి. ధర్మరాజుకు మాటిచ్చి, కర్ణుణ్ణి నీరుగార్చడానికే పగ్గాలు పట్టాడు, నిజమే. కానీ కర్ణుడు నాగాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు, ఈ గురి కుదరదు, మళ్ళీ చూసి సంధించమన్నది కూడా ఆయనే. రెండోసారి గురి చూడటం నా పద్ధతి కాదన్నాడు కర్ణుడు. ఆయన బ్రాండ్ అలాంటిది. కృష్ణుడు రథాన్ని కిందికి నొక్కాడు. కిరీటం పోయింది, తల మిగిలింది. శత్రువు మేలు కోరి వచ్చిన సారథి నోట వచ్చిందని పనికొచ్చే సలహా వదిలేశాడు మహానుభావుడు. దుర్యోధనుడైతే పొద్దస్తమానం శభాష్ మిత్రమా అంటూనే ఉండేవాడు.

ఇదంతా చెప్పాను మావాడికి. "మీరు చెప్పింది బాగుందన్నయ్యగారూ, ఇదే సెషన్‌గా పెడితే ఎంత తీసుకోవచ్చు?" అన్నాడు.

అత్తయ్యగారు తెనాలి వెళ్ళిపోయారు. మొన్న బుధవారం రాత్రి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. దోసెలే. వీడియో కాల్ వచ్చింది. ఆవిడ కుశలం అడగలేదు. ఫోన్‌లోంచే మా కంచాల్లోకి చూశారు.

"నిన్న ఎన్ని డబ్బాలు మిగిలాయయ్యా?"

"సిగ్నల్ సరిగా లేదత్తయ్యగారూ" అని మావాడు ఫోన్ బోర్లా పెట్టి, నాకు ఇంకో దోసె వేశాడు.