మ.రా.రా.శ్రీ: టీకా తాత్పర్య సహితము

మూలం: మ.రా.రా.శ్రీ తహసీల్దారు గారి దివ్యసముఖమునకు అర్జీదారు విన్నవించుకొనునది.

అవతారిక: పట్టాదారు పాసుపుస్తకంలో మా నాన్నగారి పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. దిద్దమని "అయ్యా" అంటూ రాసిస్తే, "ఇలా రాస్తే సారు ముట్టుకోరు" అని గుమాస్తా తిప్పి ఇచ్చాడు. చెట్టుకింద అర్జీలు రాసే పెద్దాయన రుసుము పుచ్చుకొని పై వాక్యం ప్రసాదించాడు.

టీక: మ.రా.రా.శ్రీ = మహారాజ రాజశ్రీ అయినట్టి; గారి = సులభము.

వ్యాఖ్య: మహారాజు అన్నాక మళ్ళీ రాజెందుకు, పునరుక్తి దోషం కాదా అని పూర్వపక్షం. కాదు. మొదటి రాజు కుర్చీలో ఉంటాడు, రెండో రాజు తలుపు దగ్గర స్టూలు మీద ఉంటాడు. ఇక వ్యాకరణం. సమాసం చివర రాజన్ శబ్దం 'రాజ' కావడానికి పాణిని 5.4.91 సూత్రం చేశాడు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ఎన్నో శతాబ్దాల ముందే రాజుల దగ్గర జప్తయింది ఆ నకారం ఒక్కటే. మహత్ శబ్దం 'మహా' కావడానికి 6.3.46. అంటే మహారాజుకు దీర్ఘం అర్జీ లేకుండానే మంజూరైంది. మా నాన్నగారి దీర్ఘం కోసం నేను మూడు జిరాక్సులు జతచేయాలి.

అమూలకంగా ఏదీ రాయనన్న మల్లినాథసూరి అయితే ఇక్కడ కలం దించేవాడు. నాకా నియమం లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ దొరతనం తన ఇంగ్లీషు కాగితాల్లో సైతం మనవాళ్ళ పేర్లకు ముందు ఎం.ఆర్.ఆర్.వై. అనీ, వెనక గారు అనీ అచ్చువేసేది. అప్పుడు మహారాజు అనడం సర్కారు వంతు. 1950లో రాజ్యాంగం వచ్చి, రాజ్యం ఎవరికీ బిరుదులివ్వరాదని 18వ అధికరణంలో చెప్పింది. సైనిక, విద్యా విశిష్టతలకే మినహాయింపు. జనం రాజ్యానికి ఇవ్వరాదని మాత్రం చెప్పలేదు. ఆ సందులో దూరింది మా అర్జీ.

తహసీలంటే అరబ్బీలో వసూలు. ఆ అర్థంలో నాకు ఏ పేచీ లేదు.

దివ్య: దివి అంటే ఆకాశం, గది మేడమీద ఉన్నందున సార్థకం. సముఖము: ముఖంతో కూడినది. కుర్చీకి తువ్వాలే కనబడింది. కారణం ఒకచోట, కార్యం మరోచోట ఉంటే అసంగతి అలంకారం. జీతం ఇక్కడ, మనిషి ఇంకెక్కడో.

తాత్పర్యం: దీర్ఘం పెట్టండి.

పాఠాంతరం: కొన్నాళ్ళకు తిరుగు జాబు వచ్చింది. శ్రీ లేదు, గారు లేదు. "సదరు అర్జీదారు అసలు పత్రములతో హాజరు కావలెను." సదరు అనగా పైన చెప్పబడిన. పైన వెతికాను, నా పేరు ఎక్కడా చెప్పలేదు.