సామాను సంజీవని

మూలం (తేటగీతి)

పెట్టె కిరువదిమూడని పెట్టి తూచి
గదను పొట్టలోనికి నంపి, కరమునందు
మకుట మూని, నాలుగు కాలమండలముల
తెల్లవారని రేయెల్ల తిరుగు నటుడు.

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మెదక్ సీమలో కొలిచెలమవాడు, మహాపండితుడు, ఆయనకు చెల్లింది. ఈ వ్యాఖ్యాత అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదని ముందే మనవి. మూలం నాలుగు పాదాలే గాని దాని వెనక సామాను చాలా ఉంది.

సందర్భం అమెరికా తెలుగువారి వేసవి. 1977లో తొలి సభ జరుపుకున్న తానా రెండేళ్ళకోసారి పెద్ద పండగ చేస్తుంది. తక్కిన సంఘాలవీ, ఊరూరి సంఘాలవీ వేరే. వాటిలో ఒకదాని నుంచి పద్యనాటక బృందానికి పిలుపు వస్తుంది. రానూపోనూ టిక్కెట్ల ఖర్చు ఒక్క ఊరు మోయలేదు. కనుక న్యూజెర్సీ పిలిస్తే డాలస్ వాటా కలుపుతుంది, చికాగో, అట్లాంటా, బే ఏరియా తలా ఒక ఆట అడుగుతాయి. కౌరవసభ దాకా పోయి వద్దామనుకున్న కృష్ణుడికి ఖండమంతా రాయబారం పడుతుంది.

పద్యం కిరీటం పెట్టె మూత లోపలివైపు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. కర్త పేరు లేదు. గద గురించి ఇంత బెంగపడ్డాడు గనుక భీముడి వేషగాడని ఒక పక్షం. కిరీటాన్ని ఎవరికీ ఇవ్వకుండా చేత్తోనే పట్టుకు తిరిగాడు గనుక దుర్యోధనుడని రెండో పక్షం. బరువు తగ్గించడానికి ఇద్దరూ ఒకే గద వాడుకుంటున్నారు కాబట్టి ఈ వివాదం తేలేది కాదు. గదాయుద్ధం ఈ పర్యటనలో ఎందుకు లేదో మాత్రం దీనివల్ల తేలింది.

టీక

పెట్టెకు ఇరువదిమూడు అని. ఇరవైమూడు కిలోలు అని అన్వయం. హైదరాబాదులో అమెరికా విమానం ఎక్కేవాడికి మామూలు తరగతిలో సాధారణంగా ఇలాంటి పెట్టెలు రెండు ఇస్తారు. మరి మూలంలో ఏకవచనం ఎందుకు? కవి పొరపడలేదు. రెండో పెట్టె నటుడిది కాదు. అందులో ఆవకాయ, గోంగూర, సున్నుండలు, ఒకరి కోడలికి పట్టుచీర, ఒకరి మనవడికి మొలతాడు, ఆఖరి నిమిషంలో “చిన్న పొట్లమే బాబూ” అంటూ చేతిలో పెట్టిన నాలుగు కిలోల కందిపొడి ఉంటాయి. నటుడికి మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కదానిలో అంగరఖాలు, భుజకీర్తులు, విగ్గులు, మీసాలు, రంగుల డబ్బాలు, కత్తులు సర్దాలి.

పరదాలకు చోటు లేదు. దర్బారు పరదా, అడవి పరదా, వీధి పరదా ఊళ్ళోనే చుట్టి పెట్టి వస్తారు. అక్కడ వాటికి బదులు ఎల్‌ఈడీ తెర వెలుగుతుంది. దానిమీద బొమ్మలు ఎంచే పని ఏ హైస్కూలు పిల్లవాడికో అప్పజెబుతారు. పిల్లవాడు శ్రద్ధగా వెతికి మంచు కొండమీది ఐరోపా కోట ఒకటి పట్టుకొస్తాడు. ధృతరాష్ట్రుడికి కనబడదు కనుక రసభంగం లేదని వ్యాఖ్యాతల సమాధానం.

పెట్టి తూచి. కాటామీద పెట్టి తూచి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అమెరికా లోపలి విమానాల్లో హద్దు 50 పౌన్లని రాస్తారు. 23 కిలోలంటే 50.7 పౌన్లు. శంషాబాదులో ధర్మసమ్మతమైన పెట్టె డాలస్‌లో అధర్మం అయ్యే వీలుంది. ఆ దశాంశం ఏమిటయ్యా అంటే, సుమారుగా ఒక జత భుజకీర్తులు. కౌంటరు ముందు పెట్టె విప్పి, వాటిని తీసి, కోటు లోపల తగిలించుకుని విమానం ఎక్కిన కర్ణులు ఉన్నారు. కవచకుండలాలు సహజంగా వచ్చినవని చెప్పుకోవడానికి ఆ వేషానికి హక్కు ఉంది.

గదను పొట్టలోనికి నంపి. ఎవరి పొట్ట? భీముడికి వృకోదరుడని పేరు, కాబట్టి ఆయన పొట్టే అని కొందరు అపహాస్యం చేశారు. అది ఆదరణీయం కాదు. పొట్ట అంటే ఇక్కడ విమానం పొట్ట. దుడ్డుకర్రలాంటివేవీ ప్రయాణికుల గదిలోకి రానివ్వరు, కింది సామానులోనే పోవాలి. ఇది అట్ట, బోలు చెక్క, బంగారు కాగితం కలిసిన గద అనీ, దీనితో కొడితే గదకే దెబ్బ అనీ చెప్పినా నియమం నియమమే. పెట్టె అక్కడి భద్రతావారి చేతికి చిక్కితే విప్పి చూసి, ‘మీ సామాను తనిఖీ చేశాము’ అన్న అచ్చుచీటీ లోపల పెట్టి మూస్తారు. భీముడు ఆ చీటీని ఆట పూర్తయ్యేదాకా అంగరఖా లోపల దాచుకుంటాడు. ఊళ్ళో ఏ కలెక్టరూ ఆయన గదను అంత జాగ్రత్తగా పరీక్షించి రాతపూర్వకంగా ఒప్పుకోలేదు.

మీసం అతికించే స్పిరిట్ గమ్ గురించి మూలం మౌనం. అది మండే ద్రవం, పైనా కిందా ఎక్కడా రానివ్వరు. దిగిన ఊళ్ళో కొనుక్కోవాలి.

కరమునందు. చేతియందు. వివాదం లేదు.

మకుటమూని. కిరీటాన్ని కింది సామానులో వేస్తే అప్పడమై వస్తుంది. కనుక చేత్తోనే పట్టుకోవాలి. ఈ ప్రయాణ సంప్రదాయం కొత్తదేమీ కాదు. ఒకప్పుడు పరదేశమంటే తెలుగు నటులకు రంగూనే. కాకినాడలో, విశాఖపట్నంలో ఓడ ఎక్కేవారు. స్థానం నరసింహారావుకు రంగూనులో బంగారు కిరీటం పెట్టి పంపారు. మన నటులు అట్ట కిరీటంతో పోయి అదే అట్ట కిరీటంతో వస్తారు; తేడా ఏమిటంటే మధ్యలో శాలువాలు తోడవుతాయి. వాటికి మళ్ళీ ఇరవైమూడులో చోటు వెతకాలి.

నాలుగు కాలమండలములు. తూర్పు, మధ్య, పర్వత, పసిఫిక్ మండలాలు. మండలం అనగానే మనవాళ్ళకు తోచేది మండలాఫీసు. “నాలుగు మండలాలు తిరిగొచ్చాం” అని నటుడు చెబితే తెనాలి, చేబ్రోలు, దుగ్గిరాల, కొల్లిపర అనుకుని “బస్సులో వెళ్ళావా?” అని అడుగుతారు.

ఇక్కడొక చిక్కు. లెక్క చూస్తే బృందం ఆడింది మూడు మండలాల్లోనే. పర్వత మండలంలో ఆట లేదు. ఫీనిక్స్ ఆట ఉంది కదా అని నవీనులు వాదించారు. ఆరిజోనావారు వేసవిలో గడియారం ముందుకు జరపరు కనుక జూలైలో ఫీనిక్స్ గంటా లాస్ ఏంజెలస్ గంటా ఒకటే. పేరుకు పర్వతం, పనికి పసిఫిక్. ఆ వాదం నిలవదు. నాలుగోది ఎలా వచ్చిందో చివర తేలుతుంది.

తెల్లవారని రేయి. పద్యానికి ప్రాణం ఇదే. పడమరకు పోయే విమానం చీకటిని వెంటబెట్టుకుపోతుంది కాబట్టి తెల్లవారదని పైపై అర్థం. ఇంతకే ఆగిన వ్యాఖ్యలు చాలా ఉన్నాయి. అవి కిటికీ సీటులో కూర్చున్నవారు రాసినవి.

అసలు సంగతి వేళలో ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో శివరాత్రికో తిరణాలకో పద్యనాటకం కడితే రాత్రి పదికి తెర లేస్తుంది, కోడికూతకు మంగళం. మధ్యలో రాగాలు తీయాలి, జనం వన్స్‌మోర్ అనాలి, నటుడు మీసం సవరించుకుని అదే పద్యం మళ్ళీ అందుకోవాలి. కళాకారుడి దేహం ఈ లెక్కకు ఏళ్ళ తరబడి అలవాటు పడి ఉంటుంది. ఇప్పుడు గణితం చూడండి. వేసవిలో న్యూజెర్సీకీ మనకూ తొమ్మిదిన్నర గంటల తేడా. ఊళ్ళో రాత్రి పది అంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అంటే భోజనాలు కాగానే ఆట పెడితే, దిగిన మర్నాడైనా సరే, నటుడి గొంతు తన మామూలు వేళకే లేస్తుంది. ఇంత సులువు. కాని మధ్యాహ్నం అందాల పోటీ, వధూవరుల పరిచయం, రియల్ ఎస్టేట్ వారి ఉపన్యాసం ఉంటాయి. పద్యనాటకాన్ని రాత్రి తొమ్మిదికి, సినిమా పాటల విభావరికి ముందు ఇరికిస్తారు. న్యూజెర్సీ తొమ్మిది ఊళ్ళో పొద్దున ఆరున్నర. అది రంగు కడుక్కుని, టీ తాగి, బస్సుకోసం నిలబడే వేళ. రాగం తీద్దామంటే గొంతు ఆవులిస్తుంది.

అయినా తీస్తాడు. ఎంతసేపు? నలభై నిమిషాలు. హైస్కూలు ఆడిటోరియం అద్దె గంటల లెక్క. పదిన్నర దాటితే పై గంటకు డబ్బు కట్టాలి. ముందు వరసలో కార్యదర్శి మణికట్టు చూపిస్తుంటాడు. శ్రీకృష్ణుడు అయిదూళ్ళు అడగాలి. ఒక్కో ఊరికీ ఒక్కో పద్యం పాడవలసినవాడు, అయిదూ ఒకే ఊపిరిలో అడిగేస్తాడు. దుర్యోధనుడు ఇవ్వనంటాడు గాని, ఆ తొందర చూస్తే ఎవరైనా ఇవ్వరు. వెనక వరసలో పెద్దాయన ఒకరు “వన్స్‌మోర్!” అంటే కృష్ణుడు ఆయనవైపు చూస్తాడు, కార్యదర్శి వైపు చూస్తాడు. ఆ చూపులో ఉన్నంత రాయబారం మిగతా నాటకంలో లేదు.

కనుక తెల్లవారని రేయి అంటే, తెల్లవారేదాకా ఆడనివ్వని రేయి. ఇదే సిద్ధాంతం.

తిరుగు. ఇది క్రియా, విశేషణమా? విశేషణమైతే వాక్యం పూర్తికాదు. పూర్తికాకపోవడమే కవి ఉద్దేశమని కొందరన్నారు. చమత్కారం బాగుంది గాని నేను ఒప్పను. నా అభ్యంతరం వేరు. నటుడు అసలు తిరగడు. ఆటలు శని, ఆదివారాల్లోనే ఉంటాయి, చూసేవారికి ఉద్యోగాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన ఒకరి ఇంట్లో అతిథి. ఆ ఇంటి అబ్బాయి పొద్దున్నే “అంకుల్ గారూ, అలారం కోడ్ ఫ్రిజ్‌మీద రాశాను, తలుపు తీస్తే వెంటనే నొక్కండి” అని చెప్పి ఆఫీసుకు పోతాడు. ఆయన ఆ భయానికి తలుపే తీయడు. బస్సు లేదు, నడిచి పోదామంటే టీకొట్టు లేదు. తాళింపు వేస్తే పొగ పసిగట్టే యంత్రం కేక పెడుతుంది. దుశ్శాసనుడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో దాన్ని విసురుతూ నిలబడతాడు.

అయితే ఆ ఇంట్లో ఇంకొకరుంటారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన తండ్రి. ఈయనా అలారానికి భయపడి తలుపు తీయనివాడే. మంగళవారం పదకొండు గంటలకు మాటల్లో ఆయన అంటాడు: “బావగారూ, చిన్నప్పుడు మా ఊళ్ళో షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు చూశానండీ. ఆ పడక సీను పద్యం మీకు వచ్చా?” రాకేం! వంటింటి గట్టుకు ఆనుకుని నటుడు ఎత్తుకుంటాడు. రాగం ఎంతసేపు కావాలంటే అంతసేపు. ముసలాయన వన్స్‌మోర్ అంటాడు, మళ్ళీ పాడతాడు. ఆయన భార్య కాఫీ పట్టుకొచ్చి అర్జునుడి పద్యం అడుగుతుంది, అదీ పాడతాడు. శనివారం నలభై నిమిషాల్లో కోతపడ్డ పద్యాలన్నీ మంగళ, బుధ వారాల్లో ఇలా చెల్లుబాటవుతాయి. అమెరికాలో పద్యనాటకం పూర్తిగా ఆడేది టిక్కెట్టు లేని ఈ చోటే. సంఘాల సావనీర్లలో దీని ఫొటో ఉండదు.

అధ్యాహార్యం. మూలంలో చెప్పక విడిచినది వీసా. ఆ దేశానికి అపురూపమైన సంస్కృతి తెచ్చే బృందాలకు పి-3 అని ఒక తరగతి ఉంది. అక్కడివారెవరో పూచీపడి దరఖాస్తు పెట్టాలి. ఈ కళ నిజంగా ప్రత్యేకమైనదేనని తెలిసినవారు ఉత్తరాలు రాసివ్వాలి. తిరణాల కమిటీ ఏనాడూ అడగని ఋజువు ఇది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టి, తరతరాలుగా పిల్లాజెల్లాతో, పరదాలతో ఊరూరూ తిరిగిన సురభివారిని మన పక్కన డేరాకు ఎంత జాగా కావాలని అడిగారే గాని, మీరు నటులేనా అని కాగితం అడగలేదు. పద్యంలో వీసా ఎందుకు లేదంటే యతికి కుదరక అని చెప్పవచ్చు. విసుగెత్తి అని చెప్పినా తప్పులేదు.

నటుడు. ఏకవచనం జాత్యర్థకం, బృందమంతా అని గ్రహించాలి. చివరి ఆక్షేపణ: గద చెప్పి, మకుటం చెప్పి, హార్మోనియం మాటే ఎత్తలేదేం? శ్రుతి లేని పద్యనాటకం ఉంటుందా? దీనికీ, వెనక విడిచిన మండలం చిక్కుకూ సమాధానం ఒకటే. పద్యం రాసేనాటికి హార్మోనియం బృందం దగ్గర లేదు. మనుషులు సియాటిల్‌లో దిగారు, అది డెన్వర్‌లో దిగింది. డెన్వర్ పర్వత మండలం. బృందం పక్షాన నాలుగో మండలం చూసి వచ్చింది ఆ ఒక్క పెట్టే. ఆ రాత్రి ఆట ఫోనులోని తంబురాతో నడిచింది.

హార్మోనిస్టు గారు ఈ పద్యాన్ని ప్రమాణంగా ఒప్పుకోలేదు. తమ తరఫున అయిదో పాదం ఒకటి రాసి తెచ్చారు. తేటగీతికి నాలుగు పాదాలే మాస్టారూ అని మనవి చేస్తే, విమాన కంపెనీవారికి చెప్పవలసిన మాటలన్నీ నాకు చెప్పారు.