వంతు

విజయనగరం అయ్యకోనేరు దగ్గర మా వీధిలో ఎవరింట చావు జరిగినా పురోహితుడి కంటే ముందు అప్పకి కబురు వెళ్లేది. నాకు రక్తసంబంధం లేదు గానీ వీధి మొత్తానికి ఆవిడ అప్పే. రాగానే తల దక్షిణానికి తిప్పించి, తల దగ్గర దీపం పెట్టించేది. కాలి బొటనవేళ్లు కట్టించేది. ఇంటి ఆడవాళ్లకి దుఃఖం గొంతులో అడ్డుపడి నోరు పెగలకపోతే తానే శోకం ఎత్తుకునేది. పోయిన మనిషి చేసిన మంచి, తీరని కోరిక, పెళ్లి కావలసిన ఆడపిల్ల, కోతకొచ్చిన చేను అన్నీ ఆ రాగంలోకి వచ్చేవి. ఎవరూ రాసిపెట్టని ఆ పాట ఆ రాత్రికి పుట్టి ఆ రాత్రికే పోయేది. విన్నవాళ్లకి మాత్రం గుండె బరువు దిగేది.

ఆ తర్వాత గోడకి చేరబడి తెల్లవార్లూ కూర్చునేది. నిద్ర రాకుండా అడ్డపొగ వేసుకునేది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆడవాళ్లకి తరాల నాటి అలవాటు. అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు గట్టిగా చెప్పాక అప్ప చుట్ట మానేసింది. జాగారం మాత్రం మానలేదు.

కొడుకు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఓ వేసవిలో తల్లిని అక్కడికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక ఏం చూశావని అడిగితే సముద్రం సంగతీ చెప్పలేదు, పచ్చిక కొండల సంగతీ చెప్పలేదు.

"సావింటి మ్యూజియం సూసినాన్రా తమ్ముడూ" అంది.

నిజంగానే అలాంటిది ఉంది. ఐర్లండ్‌లో వైకింగులు కట్టిన వాటర్‌ఫర్డ్ అనే పాత రేవుపట్నంలో 2023లో తెరిచారు. అది ఉన్న ఇల్లు 15వ శతాబ్దం నాటిది. జాన్ కోలిన్ అనే చర్చి పెద్ద దిక్కులేనివాళ్లు తలదాచుకోవడానికి దాన్ని ఏర్పాటు చేశాడు. ఆ నీడకి బదులుగా వాళ్లు అతని ఆత్మ కోసం ప్రార్థన చేయాలి. పోయాక తనని తలుచుకునే మనిషి ఒకరు ఉండాలన్న ఆశతో కట్టిన ఇల్లది. పోయినవాళ్లని సాగనంపే ఆచారాలు చూపించడానికి అంతకంటే తగిన చోటు ఏముంటుంది?

గైడు ఇంగ్లీషులో చెబుతుంటే తొమ్మిదేళ్ల మనవరాలు నానమ్మ చెవిలో తెలుగులో చెప్పిందట. అక్కడ ప్రాణం పోగానే ఇంట్లో గడియారం ఆపేసేవారు. అద్దాలకి గుడ్డ కప్పేవారు. ఆత్మ వెళ్లడానికి కిటికీ తెరిచేవారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి స్నానం చేయించి, మంచి బట్టలు తొడిగి, కొవ్వొత్తులు వెలిగించేవారు. శవాన్ని సిద్ధం చేసేదాకా గొంతెత్తి ఏడవకూడదు. ఆ తర్వాత శోకాలు తీయడంలో చేయి తిరిగిన ఆడవాళ్లు పాడుతూ ఏడ్చేవారు. వచ్చినవాళ్లకి మట్టి గొట్టాలూ పొగాకూ, పళ్లెంలో ముక్కుపొడుం, టీ, విస్కీ. రాత్రంతా కథలు, నడుమ జపమాల, కుర్రాళ్లకి ఆటలు. ఆ ఆటల్నీ ఆ శోకాల్నీ మానమని చర్చి పెద్దలు వందల ఏళ్లు మందలించారు. శోకాలు పాడే ఆడవాళ్లు 20వ శతాబ్దం తొలి రోజులకే అరుదైపోయారు. శవం దగ్గర రాత్రంతా కూర్చోవడం మాత్రం ఆ దేశపు పల్లెల్లో ఇప్పటికీ ఉంది.

అప్ప ఒక్కొక్కటీ విని "ఇదీ మనదే, ఇదీ మనదే" అనుకుంటూ నడిచిందట. ఆ మట్టి గొట్టాల దగ్గర ఆగి, అక్కడి ముసలమ్మలు కూడా కాల్చేవారని తెలుసుకుని మురిసిపోయిందట.

"పాతిపెట్టేదాకా మనిషిని ఒంటిగా ఒగ్గీకూడదంటరా. ఒకలి తరవాత ఒకలు వంతులేసుకుని కూకుంటారంట. నాను గుంటకి సెప్పినాను, అమ్మా, మనకీ అదే నేమం. ఇంకొకలొచ్చి కూకున్నాకే మనం లేవాల. నిద్రొచ్చినా, కాలు తిమ్మిరెక్కినా లేవకూడదు. ఆ మాట ఇంగిలీసులో సెప్పమన్నాను. గైడమ్మ నా సెయ్యి పట్టుకుని కళ్లనీళ్లెట్టుకుంది."

నాకు సవర గిరిజనులు గుర్తొచ్చారు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని వ్యాకరణం రాశారు. ఆ సవరల్లో పోయినవాళ్లతో మాట్లాడే ఆచారం ఉండేది. పూనకం వచ్చిన స్త్రీ నోట పోయిన మనిషి పలుకుతాడు. అయినవాళ్లు చుట్టూ కూర్చుని ఏడుస్తారు, దెబ్బలాడతారు, నీకెక్కడ నొప్పిగా ఉందని అడుగుతారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు ఒడిశా వైపు సవరల మధ్య ఉండి ఆ మాటలు విని 1993లో పుస్తకం వేశాడు. 2017లో ఇంకో పుస్తకం రాసేసరికి పిల్లలు వేరే మతంలోకి వెళ్లిపోయారు. అడిగేవాళ్లు లేక పోయినవాళ్లు మాట్లాడటం మానేశారు. ఒక్క మనిషి జీవితకాలంలో జరిగిన మార్పు అది. ఇదంతా అప్పకి చెప్పి, ఒక ఆచారం మ్యూజియంలోకి చేరిందంటే బయట తగ్గిపోతోందనే గుర్తు అన్నాను.

అప్ప ఒప్పుకోలేదు. "మనకి మ్యూజియం ఏటికిరా? మన ఈధిలో ఎవలింట్లోనైనా ఒక్క పీనుగుని ఒంటిగా ఒగ్గీసినామా? సెప్పు."

చెప్పలేకపోయాను. ఆవిడ మాట నిజం. ఆవిడ ఉన్నంతకాలం ఆ వీధిలో అలాంటి రాత్రి రాలేదు.

డిసెంబరు నెలలో, నేను హైదరాబాదులో కూతురింట ఉండగా, అప్ప పోయిందని సాయంత్రం ఫోను వచ్చింది. దొరికిన బండి ఎక్కాను. విజయనగరంలో దిగేసరికి ఇంకా చీకటే. ఆటో గంటస్తంభం దాటి మా వీధిలోకి తిరిగింది. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కట్టేశారు. అరుగు మీద దుప్పటి ముసుగేసి ఎవరో పడుకున్నారు.

లేపితే, ఫ్రీజర్ బాక్స్ తెచ్చిన కుర్రాడు.

"రాత్రి పదింటిదాకా జనమేనండి. ఈధి ఈధంతా వొచ్చినారు, ఏడ్చినారు. కొడుకుగారు ఇమానంలో ఉన్నారంట, సాయంత్రానికి గానీ దిగరంట. బాక్సులో ఉన్నాది కదా, ఇంకేటీ అవదులే అనీసి అందరూ ఎల్లిపోనారు. పొద్దున్నే వస్తామన్నారు."

అందరూ మంచివాళ్లే. నాకు తెలిసినవాళ్లే. ఎవరింట్లో ఏ చావుకి ఆవిడ ఎన్ని గంటలు కూర్చుందో ప్రతి గుమ్మానికీ తెలుసు. శవం చెడిపోతుందేమోనన్న భయం ఒక్కటే ఆ కాపలాకి కారణమని మా వీధి ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టిందో గానీ, ఆ భయం పెట్టె తీర్చేయగానే మనుషులు లేచి వెళ్లిపోయారు.

లోపల మోటారు చప్పుడు. అద్దం మూత కింద అప్ప ముఖం. తల దగ్గర స్టూలు మీద ఒక ఫోను, చెంబుకి ఆనించి నిలబెట్టారు. దానికి చార్జరు వైరు తగిలించి ఉంది.

"పక్కింటోళ్లదండి" అన్నాడు కుర్రాడు వెనకనుంచి. "అక్కడినుంచి పాప సూస్తానంటే పెట్టినారు. ఎల్లిపోయినప్పుడు తీసెయ్యబోతే పాప ఒగ్గలేదంట."

తాడు విప్పి ఓ కుర్చీ తెచ్చి పెట్టె పక్కన వేసుకుని కూర్చున్నాను. అప్పుడు ఫోనులోకి చూశాను. మనకి అయిదున్నర, అక్కడ అర్ధరాత్రి. వెనక సోఫాలో తల్లి నిద్రపోతోంది. మనవరాలు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి వాచిపోయాయి. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"తాతయ్యా, మీరొచ్చి కూర్చున్నారు కదా" అంది. "ఇక నేను లేవొచ్చా?"