మేటి పెట్టె కదలని వేళ: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

పద్యం పుట్టిన సందర్భాన్ని ముందుగా నివేదించే మాటలకు అవతారిక అని పేరు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి బజారులో ప్రాసెసరు ఒక కొట్టులోను, మదర్‌బోర్డు మరొక కొట్టులోను బేరమాడి కొని, ఇంటికి తెచ్చి, స్వహస్తాలతో క్యాబినెట్టులో కూర్చిన ఒకానొక గృహస్థు, చివరి స్క్రూ కూడా బిగించి, పక్క మూత సైతం మూసి (ఈ మూత విషయంలో ఆయన తొందరపడ్డాడని విజ్ఞులు గ్రహిస్తారు), ఇంటిల్లిపాదీ చుట్టూ చేరగా బటన్ నొక్కినప్పుడు ఏమీ జరగకపోవడం ఇక్కడి సందర్భం. అటువంటివాడికి కర్తవ్యాన్ని ఉపదేశించేది ఈ తేటగీతి. కావ్యాలకు వ్యాఖ్యలు పుట్టడం లోకంలో ఉన్న క్రమం. ఇక్కడ వ్యాఖ్య రాయవలసి రావడం వల్ల పద్యం పుట్టింది గనుక కర్తృత్వ వివాదానికి తావు లేదు.

మూలం

తే. మీట నొక్కినఁ గదలదు మేటి పెట్టె
పంక తిరుగదు తెరమీదఁ బటము లేదు
గోడ మీటను తొలుదొల్త గుర్తు సేసి
పిదప లోనికిఁ జొరవలెఁ బెద్దలనిరి.

ప్రతిపదార్థం

మీటన్ = క్యాబినెట్టు ముందువైపున్న పవర్ బటన్‌ను; నొక్కినన్ = ఎంత ఒత్తినప్పటికిని; మేటి = (వెల చేత) గొప్పదైన; పెట్టె = కంప్యూటరు; కదలదు = చలించదు; పంక = ఫ్యాను; తిరుగదు = తిరగదు; తెరమీదన్ = మానిటరుపైన; పటము = బొమ్మ; లేదు = కానరాదు; (కావున) గోడ మీటను = గోడకున్న స్విచ్చును; తొలుదొల్త = అన్నిటికంటె ముందు; గుర్తు సేసి = జ్ఞాపకానికి తెచ్చుకొని; పిదపన్ = ఆ తరువాతనే; లోనికిన్ = పెట్టె లోపలికి; చొరవలెన్ = ప్రవేశించవలెనని; పెద్దలు = అనుభవజ్ఞులు; అనిరి = చెప్పిరి.

తాత్పర్యం

కంప్యూటరు ఆన్ కానప్పుడు ముందు బయట ఉన్నవాటిని పరీక్షించి, ఆ తరువాతనే లోపలి భాగాలను శంకించాలని భావం. శంకించే క్రమం భాగాల ఖరీదును బట్టి కాక, పరీక్షలోని సులువును బట్టి సాగాలని కవి హృదయం.

విశేషాలు

మొదటి పాదంలో ఒకసారి, మూడవ పాదంలో ఒకసారి ‘మీట’ శబ్దం రావడం పునరుక్తి దోషం కాదా అనేది పూర్వపక్షం. ఖండించడం కోసమే ముందుగా నిలబెట్టే ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షం అంటారు. దీనికి సమాధానం: శబ్దం ఒకటే అయినా వస్తువులు వేరు, వాటి స్వభావాలు అంతకంటె వేరు. గోడ మీట 230 వోల్టుల విద్యుత్తును స్వయంగా కలుపుతుంది, స్వయంగా తెంచుతుంది. ముందు మీట ఆ పని చేయదు. పూర్వపు ఏటీ పద్ధతి యంత్రాలలో క్యాబినెట్టు ముందున్న స్విచ్చు కూడా గోడ కరెంటునే మోసేది గాని, ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ పద్ధతిలో ఆ అధికారం దానికి పోయింది. ఇప్పటి బటన్, నొక్కి ఉంచినంతసేపు రెండు సన్నని తీగలను తాకించి, వేలు తీయగానే విడదీస్తుంది. అది చేసేది విన్నపం మాత్రమే. కాలింగ్ బెల్ నొక్కినవాడు తలుపు తీయడు, తీయవలసింది లోపలివాడు.

ఆ లోపలివాడు ఎస్ఎంపీఎస్. అనగా గోడ నుంచి వచ్చే విద్యుత్తును కంప్యూటరుకు పనికివచ్చే 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచే ఇనుప డబ్బా. చాలామంది అనుకున్నట్లు అది కంప్యూటరు ఆగి ఉన్నప్పుడు పూర్తిగా నిద్రపోదు. గోడ మీట వేసి ఉన్నంతకాలం ఊదారంగు తీగ మీదుగా 5 వోల్టుల స్వల్ప విద్యుత్తును మదర్‌బోర్డుకు అందిస్తూనే ఉంటుంది, ఆ బలంతోనే మదర్‌బోర్డు బటన్ విన్నపాన్ని వినగలుగుతుంది. విన్న వెంటనే అది 24 పిన్నుల పెద్ద కనెక్టరులోని 16వ పిన్నును, అంటే ఆకుపచ్చ తీగను, భూమి మట్టానికి (సున్నా వోల్టులకు) దించుతుంది. అప్పుడు ఎస్ఎంపీఎస్ మిగతా వోల్టేజీలన్నిటినీ విడుదల చేసి, అవి కుదురుకున్నాయని 100 నుంచి 500 మిల్లీసెకన్లలోపు బూడిదరంగు తీగ ద్వారా తిరిగి కబురు పంపుతుంది. ఆ కబురు అందేదాకా ప్రాసెసరు అడుగు వేయదు. ఇంత సంవాదం నడవవలసి ఉండగా ‘కదలదు’ అనే ఒక్క క్రియతో కవి సరిపెట్టడం సంక్షేపమే. విన్నపం చేరకపోవచ్చు, చేరినా మన్నన పొందకపోవచ్చు, మన్నించి కూడా మరుక్షణమే వెనక్కు తీసుకోవచ్చు. నేటి ఎస్ఎంపీఎస్‌లలో చాలావాటికి తీగలన్నీ నల్లగానే వస్తున్నందున, ఇక్కడ చెప్పిన రంగులు కనబడనివారు పిన్నులు లెక్కపెట్టుకోవడమే గతి.

పద్యంలో చెప్పని మూడో మీట ఒకటి ఉంది. వాక్యం పూర్తి కావడానికి లేని పదాన్ని తెచ్చి కలుపుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ‘గోడ మీటను’ అన్నచోట ‘ఎస్ఎంపీఎస్ వెనుక మీటను’ అని కూడా అధ్యాహారం చేసుకోవాలి. దానిపైన నిలువు గీత, గుండ్రని సున్న అని రెండు గుర్తులుంటాయి. గీత వైపు నొక్కితే విద్యుత్తు ఉన్నట్లు, సున్న వైపు నొక్కితే లేనట్లు. గుండ్రని గుర్తును ఆన్‌కు ఇంగ్లీషులోని తొలి అక్షరంగా భావించి, ఆ వైపే నొక్కి, మదర్‌బోర్డును తిట్టుకున్నవారు తక్కువేమీ కాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీది స్విచ్చు, డబ్బాలోకి సగమే దిగిన పవర్ కేబులు కూడా ఈ అధ్యాహారంలోకే వస్తాయి.

‘గుర్తు సేసి’ అనడంలో ధ్వని, అనగా పైకి చెప్పకుండానే స్ఫురించే అర్థం, ఉంది: అది మరచిపోదగినంత చిన్న విషయమని, మరచిపోయేది అటువంటిదేనని.

రెండవ పాదంలో ‘పంక’ అంటే ఫ్యాను. సంస్కృతంలో ఈ శబ్దానికి బురద అనే అర్థమున్నా ఇక్కడ అది గ్రాహ్యం కాదు. ఏళ్ల తరబడి దులపని ఫ్యానుల విషయంలో మాత్రం శ్లేష చెప్పుకోవచ్చు.

ఈ పాదానికే ‘పంక తిరిగినఁ దెరమీదఁ బటము లేదు’ అని పాఠాంతరం ఉంది. ఒక పద్యం వేర్వేరు ప్రతులలో వేర్వేరుగా కనబడితే ఆ భేదాన్ని పాఠాంతరం అంటారు. ఛందస్సుకు రెండూ సరిపోతాయి గాని రోగాలు వేరు. మూలపాఠంలో ఫ్యానే తిరగదు, కనుక విద్యుత్తు రాలేదు. పాఠాంతరంలో విద్యుత్తు వచ్చింది, ప్రాసెసరు మేల్కొనలేదు, లేదా మేల్కొన్నా బొమ్మ తెరను చేరలేదు. ఈ రెండో అవస్థలో మొదట చూడవలసింది మదర్‌బోర్డు పై అంచున ప్రాసెసరు పక్కనుండే 8 పిన్నుల సాకెట్టు. 24 పిన్నుల పెద్దది పెట్టి ఈ చిన్నదాన్ని మరచినప్పుడు ఫ్యానులు ఉత్సాహంగా తిరుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. దీనికి వాడవలసిన తీగ 4+4గా చీలుతుంది, గ్రాఫిక్స్ కార్డు తీగ 6+2గా చీలుతుంది. పైచూపుకు కవలలైనా ఒకదాని చోట మరొకటి బలవంతాన దూర్చరాదు.

తరువాతిది ర్యామ్. అది రెండు కొసలా దిగిందో లేదో మెడతో కాక కన్నుతో నిర్ణయించాలి, అనగా పైనుంచి వంగి చూడక పక్కనుంచి చూడాలి. ఒక కొస ‘టిక్’ మని, రెండవది ఊరక ఉండిపోవడం తరచు జరుగుతుంది. పాత ర్యామ్ అయితే దాని పసుపుపచ్చ అంచును పెన్సిలు రబ్బరుతో తుడవడం మన సర్వీసు కొట్లలో పాతుకుపోయిన సంప్రదాయం. మెల్లగా తుడిచి పొట్టు దులిపితే తప్పు లేదు, కొత్త ర్యామ్‌కు ఆ సంస్కారం అనవసరం. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త యంత్రం తొలిసారి తన జ్ఞాపకశక్తిని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. ఆ నల్లతెరను చూసి ఓర్వలేక స్విచ్చు ఆపేవాడికి ఏ వ్యాఖ్యా సాయం చేయదు.

ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగిపోయే మూడో అవస్థను కవి విడిచిపెట్టాడు. ఎక్కడో విద్యుత్తు అడ్డదారి పట్టడం చూసి ఎస్ఎంపీఎస్ తనను తాను ఆపుకోవడం దీనికి సాధారణ కారణం. మదర్‌బోర్డు క్యాబినెట్టు రేకును తాకకుండా ఎత్తుగా నిలిపే ఇత్తడి కాళ్లను స్టాండాఫ్‌లు అంటారు. బోర్డుకు రంధ్రం లేనిచోట ఒక కాలు మిగిలిపోయినా, బోర్డు కిందకు ఒక స్క్రూ జారిపోయినా ఇదే ఫలం. కింద పడ్డ స్క్రూను తరువాత వెతుకుదామనుకునే స్వభావం ఇక్కడ శిక్షార్హం.

‘లోనికిఁ జొరవలె’ అన్నదానికి క్రమం ఇది. మదర్‌బోర్డు కింది అంచున పదింటికి చోటుండి తొమ్మిదే ఉండే పిన్నుల గుంపులో, సాధారణంగా 6, 8 సంఖ్యలవి పవర్ బటన్‌వి. బటన్ తీగను ఊడదీసి ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక క్షణం కలిపితే యంత్రం లేచినట్లయితే దోషం బటన్‌ది, లేదా దాని తీగది. బటన్ తీగను ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. తలకిందులైతే వెలగనిది పక్కనున్న దీపం తీగ. అప్పటికీ లేవకపోతే బోర్డును క్యాబినెట్టు నుంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పరచి, ప్రాసెసరు, దాని కూలరు, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచి ప్రయత్నించాలి. బోర్డును చుట్టి ఇచ్చిన వెండిరంగు సంచి మీద పరచరాదు, దాని ఉపరితలానికి విద్యుత్తును ప్రవహింపజేసే గుణం ఉండవచ్చు.

చివరిది ఎస్ఎంపీఎస్ పరీక్ష. అన్ని తీగలనూ భాగాల నుంచి విడదీసి, ఒక క్యాబినెట్టు ఫ్యానును మాత్రం దానికి తగిలించి, 16వ పిన్నును అదే వరుసలో పక్కనున్న భూమి (సున్నా వోల్టుల) పిన్నుతో పేపర్ క్లిప్పు ద్వారా కలిపి, ఆ తరువాత వెనుక మీట వేయాలి. మదర్‌బోర్డు చేయవలసిన విన్నపాన్ని క్లిప్పు చేస్తుంది. డబ్బా సొంత ఫ్యాను తిరగకపోవడం మరణ లక్షణం కాదు, భారం లేనప్పుడు ఊరక ఉండే జాతులున్నాయి. తగిలించిన ఫ్యాను కూడా కదలకపోతేనే దోషం ఎస్ఎంపీఎస్‌ది. తిరిగినంత మాత్రాన అది పూర్తిగా నిర్దోషి అని కాదు, భారం పడ్డాక కూలబడేవి కూడా ఉంటాయి. వేరొక కంపెనీ డబ్బా తీగలను దీనికి తగిలించి చూద్దామనే బుద్ధి పుట్టినప్పుడు అణచుకోవాలి, ఎందుకంటే డబ్బా వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి నియమం లేదు.

‘పెద్దలు’ అన్నది గౌరవార్థక బహువచనం. బోర్డుతో వచ్చే మాన్యువల్ పుస్తకమే ఆ పెద్ద. పిన్నుల పటం సందేహం లేకుండా దొరికేది అందులోనే.

ఇక ‘లోనికి’ అన్నది పెట్టె లోపలికే గాని ఎస్ఎంపీఎస్ డబ్బా లోపలికి కాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్లు ప్రమాదకరమైన వోల్టేజీని నిలుపుకొని ఉండవచ్చు. కనుక ఆ డబ్బా మూత స్క్రూలను విప్పరాదు, వారంటీ కాగితంతో కొన్న కొట్టుకు తీసుకుపోవాలి.